కాలు మోపే చోటు

లక్ష్మీకుమారి ఎప్పటిలాగే స్కూటరు మీద మొగుడి వెనక పక్కకు తిరిగి కూర్చుంది. ఎడమవైపు బిగించిన ఇనుప ఫుట్‌రెస్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, ఎడమచేత్తో సీటు వెనక కమ్మీ పట్టుకుంది. ఒళ్ళో సంచీ, అందులో కుంకుడు పొడి, కొబ్బరినూనె, దువ్వెన.

"తొందరగా పోనియ్యండి. అప్పయమ్మగారికి రాత్రి అస్సలు బాగులేదు" అంది.

సెక్టర్ ఆరులో మంచాన పడ్డ అప్పయమ్మ నిన్న సాయంత్రం ఆమె చెయ్యి వదల్లేదు. "రేపు పొద్దున్నే రాయే లక్ష్మీ. తలకి పోసి జడెయ్యి. ఈ కంపుతో పోనేను" అంది.

వైశాలి నగర్ దాటీ దాటగానే పాన్ డబ్బా దగ్గర బండి ఆపాడు మహానుభావుడు. గుండ్రటి హెడ్‌లైటు, తళతళలాడే అద్దాలు, పిస్తా రంగు. చూడ్డానికి పాతకాలపు స్కూటరు, లోపలంతా కొత్త సరుకు. ఎవడో ఒకడు "పురానా మోడల్ హై క్యా", పాత మోడలేనా అని అడగాలి, నరసింగరావు జేబురుమాలుతో అద్దం తుడుస్తూ పురాణం విప్పాలి. ఈ హిందీ ఊరి ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక ఆయన చేస్తున్న ఉద్యోగం అదొక్కటే. ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, పక్కలు మార్చి, నడుం విరగ్గొట్టుకుని ఆ బండి కొన్నది లక్ష్మీకుమారి. కాగితాల్లో పేరు ఆమెది, తాళం మాత్రం ఆయన జేబులో.

నేర్చుకుంటానని ఆమె అన్నప్పుడల్లా ఒకటే మాట. "నేనున్నాను కదేటి. నీకెందుకే బండి?" పక్కింటి సత్యశ్రీ బండి మీద గ్రౌండులో దొంగచాటుగా నేర్చుకుంది కూడా. ఏం లాభం? ఎండలో, వానలో ఎవరో ఒకరి గేటు ముందు నిలబడి ఈయన పేకాట ఎప్పుడు ముగుస్తుందా అని చూడ్డంతోనే బతుకు తెల్లారిపోతోంది.

ఇక లాభం లేదని దిగి ఆటో కోసం చూసింది. "ఇంట్లో బండుండగా ఆటో ఏటి? నలుగురూ నవ్వుతారు. ఎక్కు" అన్నాడు. ఎక్కింది. ఎక్కినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. పెట్రోలు బంకు దగ్గర ఇంకో స్నేహితుడు తగిలాడు.

అప్పయమ్మ క్వార్టరు ముందు చాలా చెప్పులున్నాయి. కోడలు గుమ్మంలోకొచ్చి, "ఇప్పుడే పోయారు. లక్ష్మి వచ్చిందా, లక్ష్మి వచ్చిందా అని ఒకటే అడిగారు" అంది.

లక్ష్మీకుమారి సంచీ కింద పెట్టింది. కోడల్ని అడిగి నీళ్ళు కాచింది. తల రుద్ది, తడి ఒత్తి, నూనె రాసి, చిక్కు తీసి సన్నగా జడ అల్లింది. అప్పుడు ఏడ్చింది, దుఃఖంతో కొంచెం, కోపంతో ఎక్కువ.

వీధి చివర టీకొట్టు ముందు నరసింగరావు బల్లమీద కూర్చుని ఉన్నాడు. తాళం బండికే ఉంది.

"ముసలమ్మ పోయిందట కదా. పోన్లే, సుఖపడింది. టీ తాగుతావేటి?"

ఆమె బండిని పక్కనే ఉన్న పంక్చర్ కొట్టుకు తోసుకెళ్ళి, ఊడదీయమని ఫుట్‌రెస్టు చూపించింది. "యే ఖోల్ దో భయ్యా."

కొట్టతను నరసింగరావు వంక చూశాడు.

"ఉధర్ మత్ దేఖో. గాడీ మేరీ హై." అటు చూడొద్దు, బండి నాది అంది.

రెండు బోల్టులు. ఊడదీయడానికి ఎంతోసేపు పట్టలేదు. నరసింగరావు గ్లాసు పెట్టి లేచాడు. "మతి పోయిందేటి నీకు? ఎక్కడికైనా నేను దింపుతాను కదా. నేనున్నాను కదేటి."

"ఉన్నావు" అంది లక్ష్మీకుమారి. పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. "పొద్దున్న కూడా ఉన్నావు."

ఊడదీసిన ఇనుప ముక్కను తెచ్చి ఆయన గ్లాసు పక్కన పెట్టింది. కొంగు బిగించి, సీటు మీద నిటారుగా, ముందుకు తిరిగి కూర్చుంది. మీట నొక్కితే బండి పలికింది. "పడతావే" అని ఆయన అంటూనే ఉన్నాడు. ఆమె మలుపు తిరిగి, మంచాన పడ్డ ఇంకొకరు తన కోసం కనిపెట్టుకుని ఉన్న ఇంటివైపు వెళ్ళిపోయింది.

టీకొట్టు బల్లమీద ఫుట్‌రెస్టు మిగిలింది. ఆమె మడమ ఆనేచోట రబ్బరు అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది.