నెత్తళ్ళ రంగు కాడ

మిరపకాయల సీజను వచ్చిందంటే గుంటూరులో ఆ వీధికి వేరే గడియారం అక్కర్లేదు. తెల్లారేసరికి బస్తాలు దిగుతాయి. ఆడవాళ్ళు అరుగుల మీద కుప్పలు పోసుకుని తొడిమలు తీస్తుంటారు, దారిన పోయేవాళ్ళు తుమ్ముకుంటూ పోతారు. సర్దార్‌బీ మాత్రం ముందుగా పెరట్లో పామ్ గుబురుకి బియ్యం కడిగిన నీళ్ళు పోసి, ఎండిన మట్టలు లాగేసి, అప్పుడుగానీ బస్తా ముట్టుకోదు.

ఆ మొక్కని ఆమె భర్త బుడే, పసుపు లోడుతో లారీ వేసుకెళ్ళినప్పుడు కడియం నర్సరీలో కొనుక్కొచ్చాడు. మనిషెత్తు మించదు. తాటిచెట్టులా ఒంటరిగా పోకుండా మొదట్లోంచి పిలకలు వేసుకుంటూ గుబురుగా పెరుగుతుంది. వీధిలో ఇంకొందరిళ్ళలోనూ ఉన్నాయిగానీ వాటి కాడలన్నీ ఒకటే ఎరుపు. వీళ్ళింట్లో మనిషికో కాడ, మనిషికో రంగు. సర్దార్‌బీది ఎండుమిర్చి రంగు, బుడేది పసుపుకొమ్ము రంగు. బట్టల కొట్లో పనిచేసే కొడుకు యూసుఫ్‌ది వంకాయ రంగు. అత్తగారు ఖాజాబీ పోయి ఏళ్ళయినా ఆవిడ పొగాకు రంగు కాడ కదలకుండా నిలబడే ఉంది. ఆవిడ మొండితనం ఎరిగినవాళ్ళెవరూ అందుకు ఆశ్చర్యపోలేదు.

కొత్తపట్నంలో ఎండుచేపలు అమ్మే ఇషాక్ కూతురు హీనా ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. పెళ్ళయిన వారం నుంచీ పొద్దున్నే లేచి గుబురు మొదట్లో తన పిలక కోసం వెతుక్కునేది. వానలు పడ్డాయి, మేకల పెంట వేశారు, ఆకులు కొత్తగా విచ్చుకున్నాయి. పిలక మాత్రం రాలేదు. వీధిలోవాళ్ళు ఊరుకుంటారా? నీడ ఎక్కువైందని ఒకరు, ఇంకాస్త ఓపిక పట్టమని ఒకరు. జనాభా లెక్కలకి వచ్చిన మాస్టారైతే కాడలు చూసి, ముసలమ్మది తీసేసి, ముగ్గురని రాసేసుకున్నాడు. అప్పుడు ఆయనకి మంచినీళ్ళు అందిస్తున్నది హీనాయే. సర్దార్‌బీ గోల పెట్టి దిద్దించిందిగానీ, పిల్ల మనసు అప్పటికే చివుక్కుమంది.

సర్దార్‌బీ గయ్యాళి కాదు, ఏమాటకామాట చెప్పుకోవాలి. అసలు చిక్కంతా అక్కడే. ఆ ఇంట్లో చుట్టాలని మిరపకాయ ముట్టుకోనివ్వరు, అలవాటు లేని చేతులు మండుతాయని. ఖాజాబీ పెట్టిన పద్ధతి అది. సర్దార్‌బీ కోడల్నీ అంతకన్నా మర్యాదగా చూసుకుంది. బస్తా దగ్గరికొస్తే "నువ్వు లోపల కూర్చో తల్లీ" అనేది. పొయ్యి దగ్గరికొస్తే "పొగ తల్లీ" అనేది. కంచంలో కొసరి కొసరి వడ్డించేది. ఆ కూరల కారానికి పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అయినా చెంబుడు నీళ్ళు తాగి, బాగుంది అత్తమ్మా అనేది.

ఏడాది గడిచింది. హీనా ఒకరోజు యూసుఫ్‌తో చెప్పేసింది, ఆ చెట్టుకి తను పట్టలేదని, ఈసారి పుట్టింటికి పోతే ఇక రానని. యూసుఫ్ బతిమాలాడు, కోప్పడ్డాడు, అన్నం మానేశాడు. ఆమె వీధి చివర ఎస్టీడీ బూతుకి వెళ్ళి, వచ్చి తీసుకెళ్ళమని తండ్రికి ఫోన్ చేసింది. రేపు పొద్దున బస్సుకి వస్తానన్నాడు ఇషాక్.

కోడలు వెళ్ళిపోతోందని సర్దార్‌బీకి తెలిసింది. ఏం చేయాలో తోచక, వియ్యంకుడు పంపిన ఎండు నెత్తళ్ళతో పులుసు పెట్టింది. ప్రేమ ఎక్కువైనప్పుడు ఆమె చెయ్యి కారం డబ్బా మీద ఆగదు. హీనా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చెంబు అందుకోబోయి, ఆగిపోయింది.

"నెత్తళ్ళ పులుసు ఇలా పెట్టరు అత్తమ్మా. ఇందులో కారం తప్ప చేప ఎక్కడుంది?"

బుడే కంచంలోకి తల దించుకున్నాడు. సర్దార్‌బీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏడాదిగా బాగుంది బాగుంది అని తిన్నావు కదే?"

"చుట్టాన్ని కదా. చుట్టాలు బాగుందనే అంటారు."

సర్దార్‌బీ గరిటె కోడలి ముందు ఠంగున పెట్టింది.

"అయితే లెయ్. నువ్వే పెట్టు, ఏం పొడుస్తావో నేనూ చూస్తా."

హీనా లేచి కొంగు బిగించింది. చింతపండు దగ్గర ఒక గొడవ, ఉల్లిపాయల దగ్గర ఇంకో గొడవ, చేపలు ఎప్పుడు వేయాలన్న దగ్గర పెద్ద గొడవ. వీధి మొత్తం తొడిమలు ఆపి విన్నది. పొయ్యి మీద పులుసు ఉడుకుతుంటే, ఆ కోపంలోనే హీనా వెళ్ళి మిరపకాయల కుప్ప ముందు చతికిలబడి పని మొదలుపెట్టింది. సర్దార్‌బీ ఈసారి లోపల కూర్చోమనలేదు. చేతులు భగభగమని పిల్ల ఊదుకుంటుంటే కొబ్బరినూనె సీసా ముందుకి దొర్లించింది.

"ముందే రాసుకోవాలే, మొద్దూ."

ఆ పులుసు మాత్రం అందరూ వేళ్ళు నాకి తిన్నారు. సర్దార్‌బీ చప్పగా ఉందంటూనే రెండోసారి వడ్డించుకుంది.

తెల్లారి హీనా సంచి గుమ్మం దగ్గర పెట్టుకుంది. సర్దార్‌బీ పెరట్లోంచి బియ్యం కడిగిన నీళ్ళ చెంబుతో అలాగే తిరిగొచ్చి, దాన్ని కోడలి చేతికిచ్చింది. "నీ పిలక వచ్చింది. నీళ్ళు నువ్వే పోసుకో" అని, వెళ్ళి టీ పెట్టుకుంది.

హీనా పరుగెత్తింది. ఎండుమిర్చి కాడకీ పొగాకు కాడకీ మధ్య, మట్టిని చీల్చుకుని బెత్తెడు పిలక. ఇసకలో ఆరబోసిన నెత్తళ్ళ వెండిరంగు. చెంబు పట్టుకుని అక్కడే కూర్చుని హాయిగా ఏడ్చింది. నిన్నటి కారం చేతులతో కళ్ళు తుడుచుకుని, మంటకి మళ్ళీ ఏడ్చింది. యూసుఫ్ నవ్వలేక నవ్వుతూ మొహం మీద నీళ్ళు కొట్టాడు.

ఇషాక్ వచ్చేసరికి అత్తాకోడళ్ళు ఒకే కుప్ప ముందు కూర్చుని, మధ్యాహ్నం కూరలో కారం ఎంతన్నదాని మీద వాదులాడుకుంటున్నారు. కూతురి ఎర్రటి కళ్ళు ఆయన కంట పడ్డాయి. పక్కన కూర్చుని, బస్సుకి వేళవుతోంది పదమ్మా, ఈ నాలుగూ నేను తీస్తాలే అంటూ మిరపకాయల్లోకి చెయ్యి చాపాడు.

హీనా నూనె చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు ముట్టుకోకు నాయనా, చేతులు మండుతాయి. చుట్టానివి."