తెర అందించిన మాట

అమీర్‌పేట చర్చి బడిలో ఏటా క్రిస్మస్‌కు ఒకే నాటకం. టీచరు దయారత్నం చిన్నప్పుడు బందరులో చదివిన ఇంగ్లీషు పిల్లల నవలలోని కథ అది. సముద్రంలో తప్పిపోయిన తండ్రి తిరిగొచ్చేదాకా, అతను కాపలా కాసే దీపస్తంభాన్ని కూతురు ఒక్కతే కాపాడుతుంది. ఇక్కడ సముద్రం చూసినవాళ్లు తక్కువ కనుక మొదటి ఏడు దాన్ని హుస్సేన్‌సాగర్ చేశారు. రెండో ఏడు దీపస్తంభం బదులు చార్మినార్ పెట్టారు. ఓడ అక్కడిదాకా ఎట్లా వచ్చిందని పంజగుట్ట వాళ్లు అడిగితే, ఆ ఏడు వానలు ఎక్కువని దయారత్నం సర్దిచెప్పింది.

నాటకానికి నీలం తెర కుట్టింది దర్జీ మార్కండేయులు భార్య కొమురమ్మ. ఆ తెర తన దగ్గర పలికిన ప్రతి మాటనూ గుర్తుపెట్టుకునేది. ఎవరైనా మాట మరిచిపోతే, ఆ మాట చెప్పినవాళ్ల గొంతుతోనే మెల్లగా అందించేది. అందుకే చాకలి మొగిలయ్య దాన్ని ఉతికేటప్పుడు ఇంటి సంగతులు మాట్లాడేవాడు కాదు.

1939లో మూడోసారి ఆడుతున్నారు. పండుగ కాగానే దుకాణం ఎత్తేసి సిద్దిపేటకు, అన్న దగ్గరికి పోదామని మార్కండేయులు అన్నాడు. కొమురమ్మ మాత్రం రోజూ బడికి పోయి, తెర అంచులు కుడుతూ నాటకం వినేది. చివర కూతురు తండ్రి కాళ్ల మీద పడి ఏడవడం ఆమెకు నచ్చలేదు. ఇన్నేండ్లు ఒక్కతే నిలబడ్డ పిల్ల గట్ల ఏడుస్తదా అనుకుని, ఎవరూ లేనప్పుడు అక్కడి మాటను తనకు తోచినట్టు తిప్పి చెప్పుకునేది.

పండుగనాడు మధ్యాహ్నం చర్చి ఆవరణ నిండిపోయింది. దూది గడ్డం పెట్టుకుని తండ్రి వేషంలో కృపావరం వచ్చాడు. కూతురు వేషం వేసిన జీవమణి అతన్ని చూసి మాట మరిచిపోయింది. తెర కదిలింది. వినిపించింది పిల్లలకు మాటలు నేర్పిన దయారత్నం గొంతు కాదు, కొమురమ్మది.

"నాయినా, నువ్వు లేవని దీపం ఆర్పలే. దినాం నేనే ముట్టిచ్చిన. ఇయ్యాల నువ్వు పండుకో, నేను మేలుకుంట."

జీవమణి ఆ మాటే గట్టిగా పలికింది. కృపావరం చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. చెప్పలేక కూర్చుండిపోయాడు. కన్నీళ్లకు తడిసి గడ్డం ఊడిపోయినా ఎవరూ నవ్వలేదు.

ఆట ముగిశాక దయారత్నం నేరుగా కొమురమ్మ దగ్గరికి వచ్చింది. కొమురమ్మ కొంగుతో సగం ముఖం కప్పుకుని, తప్పైందని మెల్లగా అంది.

"తప్పేంటి? ఆ చివరి మాట కోసం నేను మూడేళ్లుగా వెతుకుతున్నాను. వచ్చే ఏడు నాటకం మీరు చెప్పండి, నేను రాస్తాను. చిన్న తరగతికి కథలు చెప్పడానికి కూడా మనిషి కావాలి."

"నాకు అచ్చరం రాదు, టీచరమ్మా."

"సాయంత్రాలు నేర్చుకుందురుగాని."

కొమురమ్మ భర్త వైపు చూసింది. మార్కండేయులు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అన్న ఇంట్ల మిషన్ పెట్ట జాగ లేదు," అన్నాడు చివరికి. "ఈడనే ఉందం."

మరుసటి క్రిస్మస్‌కు పంచిన కాగితం మీద, నాటకం చెప్పినవారు కొమురమ్మ అని అచ్చయింది. మార్కండేయులు చదివి వినిపించబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. వేలు ఆనించి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. చివరి ఒత్తు దగ్గర కాసేపు ఆగిపోయింది. అతను తొందరపెట్టలేదు.