సంగే స్వెటర్

ఫూల్‌మాయ చేతుల్లోని స్వెటర్ లాక్కోవడానికి ఆమె మేనమామ బుద్ధిమాన్ మళ్లీ వచ్చాడు. నేను వాళ్లు తలదాచుకున్న రేకుల షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో యాంజీ. రేపే ఘేవా. బొమ్మకు తొడగడానికి వాడి గుడ్డ ఒక్కటైనా కావాలా వద్దా?"

"కావాలి. దాని చేతుల్లోంచి పీక్కుంటే మాత్రం వద్దు."

"పట్నం పోయి పిల్లల మనసుల మీద నాలుగు పాఠాలు విని వచ్చావ్. లామా కంటే ఎక్కువైపోయావా?"

"లామా పోయినవాడి కోసం వస్తాడు మామా. నేను ఉన్నదాని కోసం వచ్చా."

అతను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

కొండ విరిగిపడిన రోజు కింది ఇళ్లన్నీ ఏట్లో కలిసిపోయాయి. ఫూల్‌మాయ తమ్ముడు సంగే దొరకలేదు. ఎనిమిదేళ్లవాడు. శవం దొరక్కపోయినా మా తామాంగులు పోయినవాడిని సాగనంపే ఘేవా చెయ్యాల్సిందే. వెదురుతో బొమ్మ కట్టి, పోయినవాడి బట్ట తొడిగి, లామా పేరు పెట్టి పిలిస్తే వాడు వచ్చి అందులో కూర్చుంటాడు. అయినవాళ్లు తినిపిస్తారు. మిగిలిపోయిన మాటలు చెప్పుకుంటారు. అప్పుడు లామా దారి చూపిస్తాడు. బట్ట వాడిది కాకపోతే వాడు రాడు.

తల్లీకూతుళ్లు ఇంట్లోంచి పరిగెత్తి బయటపడ్డప్పుడు ఫూల్‌మాయ చేతిలో మిగిలింది ఆ స్వెటరొక్కటే. ఫూల్‌మాయకు పదహారేళ్లు. ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. పొద్దున్నే వెళ్లి కొండ తెగిన అంచున కూర్చునేది. ఒక్క అడుగు వేస్తే ఏరే. నేనూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని.

ఒకరోజు సూటిగా అడిగాను. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

తలూపింది.

ఆమె తల్లి దావాకు ఆ మాట చెప్పి, కూతుర్ని ఒంటరిగా వదలొద్దన్నాను. దావా విన్నది. కూతురి వైపు మాత్రం చూడలేదు. అదే నాకు అర్థం కాలేదు.

ఘేవా రోజు బుద్ధిమాన్ తెలివిగా ఒక పని చేశాడు. బజారు నుంచి కొత్త చొక్కా తెచ్చి, సంగే పేరున కొన్నా కాబట్టి వాడిదేనంటూ బొమ్మకు తొడిగాడు. లామా పిలవబోయాడు.

"వాడు కాలరున్నది వేసుకోడు," అంది ఫూల్‌మాయ.

డోలు ఆగిపోయింది.

"మెడ దురద పెడుతుందంటాడు. విప్పేయండి."

ఆమె లేచి వెళ్లి, చొక్కా విప్పి స్వెటర్ తొడిగింది. లామా పిలిచాడు. అన్నం ముద్ద పట్టుకుని ఆమె బొమ్మ ముందు కూర్చుంది.

"ఆ రోజు మేకల్ని నేను తోలుకురావాల్సింది. ఫోన్లో మాట్లాడుతున్నా. నువ్వెళ్లకపోతే వీపు పగులుద్దన్నా. వానలో ఏడుస్తూ పోయావ్. నేనే పంపించా తమ్ముడూ."

"ఇప్పుడెందుకే అవన్నీ!" అన్నాడు బుద్ధిమాన్.

"చెప్పనీ మామా," అన్నాను.

దావా లేచింది. కొడుతుందనుకున్నాను. వచ్చి కూతురి పక్కన కూలబడింది.

"తెలుసే. పొయ్యి దగ్గరే ఉన్నా. అంతా విన్నా. నేనైనా వానలో వద్దురా అనొచ్చుగా? పిండి కలుపుతున్నా. చేతులు కడుక్కుని లేవడానికి బద్ధకించా."

"అమ్మా..."

"నిన్ను చూస్తే అదంతా కక్కేస్తానేమోనని చూడ్డమే మానేశా."

"నేనే చంపానని నీకు తెలిసి చూడట్లేదనుకున్నా."

దావా నోట్లో కొంగు కుక్కుకుంది. ఇద్దరూ కలిసి ఆ ముద్దను బొమ్మ ముఖం దగ్గర పెట్టారు. అన్నం రాలి స్వెటర్ మీద పడింది. అలవాటుగా దావా దులిపింది. నేను తల తిప్పుకున్నాను.

సాయంత్రం లామా దారి చూపించాడు. బొమ్మ మీది బట్ట తీసేయాలి. ఫూల్‌మాయ స్వెటర్ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. లామా తొందరపెట్టలేదు. దావా ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. స్వెటర్ పోయాక ఉత్త వెదురు మిగిలింది. అప్పుడు ఇద్దరూ అరిచిన అరుపుకి ఊళ్లో కుక్కలు కూడా మొరగడం ఆపేశాయి.

ఇక గట్టెక్కిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే చూస్తే ఫూల్‌మాయ పడుకునే పక్క ఖాళీ. కొండ అంచుకి పరిగెత్తాను.

అక్కడే ఉంది. ఒంటరిగా కాదు. పక్కన దావా.

"ఇవాళ కూడా అనిపిస్తోందా?" తల్లి అడుగుతోంది.

"ఆఁ."

"నాకూ."

దావా కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. నన్ను చూసి కాస్త జరిగింది. నేను రెండో పక్కన కూర్చుని ఫూల్‌మాయ మరో చెయ్యి అందుకున్నాను. కింద ఏరు బురద రంగులో పారుతోంది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం.