ముందు పోయే సైకిలు

తండా బాట దాటి తారురోడ్డు ఎక్కగానే రాందాసు చెవులు వెనక్కి పెట్టాడు. చిటచిటమని గేర్ల చప్పుడు. సంతోష్ వచ్చేస్తున్నాడు. రాందాసు సీటు మీంచి లేచి, నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు. యాభై రెండేళ్ల మనిషి. నరాలు తేలిన పిక్కలు, ఎంత రుద్దినా గోళ్ల సందుల్లోంచి పోని బొగ్గు. క్యారియర్‌కు సద్దిగిన్నె కట్టిన ఆ నల్ల సైకిలుకు చెయిన్‌కవరు ఊడి ఏళ్లయింది.

అడవి అంచునున్న తండా నుంచి పాల్వంచ కరెంటు ప్లాంటు గేటు పద్దెనిమిది కిలోమీటర్లు. బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తిపోసే కాంట్రాక్టు పనికి ఇరవై రెండేళ్లుగా ఇదే దారిన వస్తున్నాడు. ఎంత దూరం నుంచి వస్తున్నావని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. అదే ప్లాంటులో ఇంజనీరు సంతోష్, తనలాగే తండాలో పుట్టినవాడే, ఆరు వందల కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కు పేరిచ్చాడు. దానికి సాధన అంటూ మోటార్‌సైకిలు ఇంట్లో పెట్టి, బూర్గంపాడు నుంచి ఇదే రోడ్డున డ్యూటీకి సైకిలు మీద రావడం మొదలుపెట్టాడు. ఇంకేముంది, సెక్యూరిటీవాళ్లు అతనితో ఫొటోలు దిగారు. గేటు ముందు టీ అమ్మే నాగక్క కుర్చీ తుడిచి వేసింది. ఆ కుర్చీ చూసి రాందాసు కడుపు భగ్గుమంది.

అప్పటి నుంచి ఐదు నెలలుగా రోజూ పొద్దున ఈ పోటీ. పోటీ అని సంతోష్‌కు తెలియదు. రాందాసుకు మాత్రం బతుకంతా అందులోనే ఉంది. ఈ దారిలో తనకంటే ముందు వాడు గేటు చేరకూడదు. ఇంతవరకూ చేరలేదు కూడా.

ఈరోజూ అంతే. ఎదురుగాలి మొహాన కొడుతున్నా, టేకు చెట్ల మధ్య రోడ్డు ఎత్తెక్కే చోట ఊపిరి అందకపోయినా ఆగలేదు. ముందుగా గేటు ముట్టి వెనక్కి తిరిగాడు.

"ఏంది సారూ, గేర్లు పని చేస్తలేవా?"

సంతోష్ నవ్వాడు. అతనికి చెమట కూడా సరిగా పట్టలేదు.

"నీ ఎనకుంటే తొక్కినట్టే ఉండది కాకా. గాలంతా నీకే తగుల్తది, నాకు సగం బలం చాలు. నిన్ను పట్టుకొని వచ్చుడుతోనే నాకింత స్పీడొచ్చింది."

రాందాసుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. గెలిచాననుకున్న పొద్దులన్నీ ఈ మొన్నటి పిల్లగాడికి చేసిన చాకిరీ అన్నమాట! రేపటి నుంచి తనే వాడి వెనక తొక్కుతాడు, గాలి వాణ్నే తిననిస్తాడు. పగలంతా పార ఎత్తుతూ అదే ఆలోచించాడు.

సాయంత్రం ప్లాంటు సైకిల్ స్టాండులో సంతోష్ తన సైకిలును ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. రాందాసును చూసి ఆగాడు. తన హ్యాండిల్‌కున్న గుండ్రటి అద్దం విప్పి, అడగకుండానే రాందాసు సైకిలుకు బిగించాడు.

"నాకు హెల్మెట్‌కే అద్దమొచ్చింది కాకా, ఇది నువ్వుంచుకో. ట్రాన్స్‌ఫర్ అయింది. రైడ్ అయినంక అటు నుంచి అటే."

"ఇగ ఇటు రావా?"

"ఎక్కడ కాకా!"

ఆటో కదిలిపోయింది. వాడి పాతది తనకు! పీకి పారేద్దామని చెయ్యి పెట్టాడు. గట్టిగా బిగించాడు వాడు, కదల్లేదు.

మర్నాడు పొద్దున రాందాసు ఎప్పటిలాగే నిలబడి తొక్కాడు. టేకు చెట్ల ఎత్తు దగ్గరకొచ్చేసరికి సీటు మీద కూర్చుండిపోయాడు. ఇరవై రెండేళ్లు ఒక్కడే ఎక్కిన ఎత్తే అది. మళ్లీ ఒక్కడే ఎక్కాలి, ఓర్వలేక కుళ్లుకోవడానికైనా ఒక మనిషి లేకుండా. దిగి, సైకిలు నడిపించుకుంటూ ఎక్కసాగాడు.

హ్యాండిల్ మీద అద్దం చిన్నగా అదురుతోంది. అందులో టేకు చెట్ల మధ్య తారురోడ్డు, దాని మీద ఎవరూ లేరు.