నాలుగు నిమిషాల పచ్చ

మధ్యాహ్నం భోజనానికి లేవబోతూ ఆమె తెర వైపు మరోసారి చూసింది. ప్రోగ్రాము పరీక్షలన్నీ పాసైనట్టు పచ్చగా ఉన్నాయి. తెర మీదే పక్క కిటికీలో, పిల్లల మోతాదుల పట్టికలో, అయిదు ఉండవలసిన చోట యాభై ఉంది. పొద్దున తన వేలే ఒక సున్నా ఎక్కువ నొక్కింది. దానికి పరీక్షలు ఎర్రబడాలి. పడలేదు.

లేవబోయినదల్లా మళ్లీ కుర్చీలో కూర్చుంది.

వాళ్లు ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపులకు ప్రోగ్రాములు రాస్తారు. ఇదివరకు ఒక్క అక్షరం మార్చినా కంపైలయి, పరీక్షలు ముగిసేసరికి నలభై నిమిషాలు పట్టేది. మూడు వారాల కిందట ఆమె దాన్ని నాలుగుకు దించింది. మారని ఫైళ్లకు మళ్లీ పరీక్ష ఉండదు, పాత ఫలితమే కనిపిస్తుంది. టీమ్ లీడరు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

మార్పుల కోసం చూడవలసిన ఫైళ్ల జాబితా రాసింది తనే. పట్టిక కోడ్ కాదు కదా అని వదిలేసింది. పోయిన సోమవారం ఎవరో పట్టిక మార్చారు. మంగళవారం అది పరీక్ష కాకుండానే పంపుల్లోకి వెళ్లింది. ఆ పంపులున్న పిల్లల వార్డులో అక్క నర్సు.

తన సున్నా తీసేసి లీడరు దగ్గరికి నడిచింది.

"పాత పద్ధతిలో మొత్తం పరీక్షించాలి సర్."

"మళ్లీ నత్తనడకా? నువ్వేసిన రోడ్డు నువ్వే తవ్వుతావా అమ్మా?"

ఆమె సంగతి చెప్పింది. అతని నవ్వు సగంలో ఆగింది.

"ముందు పరీక్ష కానీ. తప్పుందని తేలితే ఆసుపత్రికి చెబుదాం. ఊరికే చెబితే పరువు పోతుంది."

ఆమె పరీక్ష మొదలుపెట్టింది. రెండు శాతం. నలభై నిమిషాల్లో ఎన్ని మందు చుక్కలు పడతాయి? మూడు శాతం. ఫోన్ తీసింది. లీడరు చూస్తూనే ఉన్నాడు.

"అక్కా, డాక్టరుకి చెప్పి పంపులు ఆపించు. మోతాదులు చేత్తో లెక్కగట్టి ఇవ్వండి."

"ఏం వెలగబెట్టావే మళ్లీ?"

"తప్పుందో లేదో తెలీదు. ఉంటే నాదే."

అవతల డాక్టరును పిలిచే కేక, పరుగెత్తే చెప్పుల చప్పుడు.

"ఎనిమిది మంచాలు. ఆపుతున్నాం. ఫోన్ పెట్టెయ్యకు."

ఆగిన ప్రతి పంపూ ఒకసారి కూత పెట్టింది. ఆమె వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఏడోది వినిపించేసరికి తెర మీద తొలి ఎర్ర గీత పడింది.

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదిమింది. ఎనిమిదో కూత ఇంకా రాలేదు.