ఏ గిన్నెలోనూ లేని వాటా

మా ఇంటికీ మందిరానికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ గోడలో ఒక తలుపు. ఇటు నా వంటగది, అటు ప్రార్థన గది. గడియ అటువైపు ఉంది, ఇటు లేదు. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలోనే ఇటు కూడా ఒకటి పెట్టించమని అడిగాను. "విశ్వాసులు వచ్చే తలుపుకి మనం గడియ వేసుకుంటే బాగుంటుందా?" అన్నారు మా ఆయన. ఆయన పాస్టరు. కనుక నేను పాస్టరమ్మని. వచ్చేవాళ్ళు తలుపు తట్టరు. "అమ్మగారూ" అంటూనే లోపలికొచ్చి, పొయ్యి పక్క స్టూలు లాక్కుని కూర్చుంటారు. ఆ స్టూలు మీద కూర్చుని ఎదుటివాళ్ళ గురించి అనని మాట లేదు. విన్నదంతా నేను కడుపులో దాచుకోవాలి. అది నా పరిచర్యట.

మా సంఘంలో గొడవ గిన్నె గురించి. నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె విరిచాక ద్రాక్షరసం ఒకే పెద్ద గిన్నెలో పోసి, ఒకరి తర్వాత ఒకరు అందరూ అందులోనే తాగడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఎండలు ముదరకముందు ఒక ఆదివారం నర్సమ్మ లేచింది. ఆవిడ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల జబ్బుల వార్డులో పనిచేస్తుంది. "దగ్గేవాళ్ళు నోరు పెట్టిన అంచుకే పసిపిల్లల తల్లులూ నోరు పెడుతున్నారు. చూస్తూ ఊరుకోలేను. చిన్న గిన్నెలు తెద్దాం, ఎవరిది వాళ్ళకి" అంది.

వెంటనే సంఘపెద్ద లేచారు. ఆయన వడ్రంగి. మందిరంలో బల్లా, మేం కూర్చునే బెంచీలూ ఆయన చేసినవే. "ఒకే గిన్నె ఎందుకు? మనమంతా ఒక్కటని. ఎవరి గిన్నె వాళ్ళదైతే ఎవరింట్లో వాళ్ళే తాగొచ్చుగా, ఇక్కడిదాకా రావడం దేనికి?" అన్నారు.

ఆయన భార్య పోయేముందు ఆఖరిసారి తాగింది ఆ పెద్ద గిన్నెలోనే. ఆ మాట ఆయన సభలో చెప్పలేదు, నా స్టూలు మీద చెప్పారు. నర్సమ్మ చేతుల్లో ఒక బాలింత దగ్గి దగ్గి ప్రాణం వదిలింది. ఆ మాట ఆవిడా సభలో చెప్పలేదు, నా స్టూలు మీదే చెప్పింది. అంతకుముందు ఆవిడ ఆయన్ని నోరారా "బాబాయ్" అనేది. ఇప్పుడు "ఆ పెద్దమనిషి" అంటోంది. ఆయన "ఆ డాక్టరమ్మ" అంటున్నారు, ఎగతాళిగా.

మా ఆయన తల పట్టుకుని కూర్చుని ఒక రాజీ కనిపెట్టారు. ఎడమ వరసలకి పెద్ద గిన్నె, కుడి వరసలకి చిన్న గిన్నెలు. ఒక్క కుటుంబం కూడా సంఘం వదిలిపోలేదు, నిజమే. కాకపోతే బెంచీలు వారం వారం చెరో గోడవైపూ జరుగుతూ పోయాయి. మధ్య నడవలో ఇప్పుడు మంచం వేసుకుని పడుకోవచ్చు.

అందరికీ చోటు దొరికింది, నాకు తప్ప. పాస్టరమ్మ ఎటు కూర్చుంటే పాస్టరుగారి మనసు అటున్నట్లే అని ఇరువైపులా కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నారు. ఒకరోజు నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు.

"కొన్నాళ్ళు నువ్వు బల్లకి ఆగు" అన్నారు.

"ఆగడమంటే?"

"తీసుకోవద్దు. పనున్నట్టు వంటగది తలుపు దగ్గర నిలబడు. ఎవరూ పట్టించుకోరులే. నీది పెద్ద మనసు."

పెద్ద మనసట! ఒళ్ళు మండిపోయింది. అయినా సంఘం ముక్కలైతే ఆ పాపం నా నెత్తిన పడుతుందని నోరు కుట్టేసుకున్నాను. రొట్టె కాల్చేది నేను. పళ్ళు పిండి రసం తీసేది నేను. రెండు రకాల గిన్నెలూ తోమి తుడిచేది నేను. అన్నీ బల్లమీద సర్ది, తెల్లగుడ్డ కప్పి, తలుపు దగ్గరికి వచ్చి నిలబడేదాన్ని. అందరూ తింటుంటే, తాగుతుంటే చూసేదాన్ని. నాకు ఆ బల్ల కావాలి. కడుపులో బిడ్డ నిలవని రోజుల్లో నన్ను నిలబెట్టింది అదే. ఇంట్లో ఎంత ఏడ్చినా, ఆ ముక్క నోట్లో పడి ఆ గుక్క గొంతు దిగితే మళ్ళీ మనిషినయ్యేదాన్ని. అది లేక నెలలు గడిచిపోతుంటే లోపల ఎండిపోతున్నాను. ఎవరితో చెప్పుకోను? అందరూ కూర్చోవడానికి నా దగ్గర స్టూలుంది. నేను పోయి కూర్చోవడానికి ఎవరి వంటింట్లోనూ స్టూలు లేదు.

మా సంఘంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. బల్ల మీది గుడ్డ తీసేముందు పాస్టరు అడుగుతారు, ఎవరికైనా ఎవరిమీదైనా మనసులో ఏమైనా ఉందా అని. అందరూ "సమాధానమే" అంటారు. ఎవరైనా లేచి "నాకుంది" అంటే మాత్రం అది తేలేదాకా గుడ్డ తీయకూడదు, తలుపులు తెరవకూడదు, ఎవరూ ఇంటికి పోకూడదు. ఒకప్పుడు బావా బావమరిదీ ఒక నిచ్చెన గురించి తగవు పడితే సంఘమంతా పొద్దు వాలేదాకా ఆకలితో కూర్చుందట. ఆ భయానికి ఆ తర్వాత ఎవరూ లేవలేదు. మనసులో ఏమున్నా "సమాధానమే" అనడం అలవాటైపోయింది.

ఆ ఆదివారం మా ఆయన ఐక్యత మీద ప్రసంగించారు. "ఎన్ని తేడాలున్నా మన సంఘంలో ఒక్కరు కూడా బల్లకి దూరం కాలేదు" అన్నారు. ఆ మాట అంటూ నావైపు చూడలేదు. తర్వాత మామూలుగా అడిగారు.

"సమాధానమే" అన్నారు ఎడమవాళ్ళు. "సమాధానమే" అన్నారు కుడివాళ్ళు.

"నాకుంది" అన్నాను తలుపు దగ్గర నుంచి.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పద్ధతి పద్ధతే కాబట్టి వీధి తలుపు మూసేశారు. పెద్దాయన లేచి, "ఎవరిమీద, అమ్మగారూ?" అని అడిగారు.

"అందరిమీదా. ముందుగా ఆ నిలబడ్డాయన మీద. నేను బల్ల తీసుకుని ఎన్నాళ్ళయిందో మీలో ఒక్కరికైనా తెలుసా?"

ఎవరికీ తెలీదనే అనుకున్నాను. ఆ జవాబుకి సిద్ధపడే ఉన్నాను.

"తెలుసు" అంది నర్సమ్మ, తల వంచుకుని. "పెద్ద గిన్నె నచ్చకే మీరు మానేశారనుకున్నాను. పైకి చెప్పలేక. మీరు మావైపేనని... లోపల సంతోషించాను."

పెద్దాయన నావైపు తిరిగారు. "నేనూ చూశానమ్మా. చిన్న గిన్నెలు వచ్చాక మీకు మనసొప్పలేదనుకున్నా. మావాళ్ళతో అన్నాను కూడా, అమ్మగారు మన మనిషేనని."

అంటే అందరూ చూశారు. నేను పస్తు నిలబడితే లెక్క తమ ఖాతాలో వేసుకున్నారు. ఎవరూ చూడలేదని ఏడ్చిన ఏడుపు ఒక ఎత్తు, అప్పుడొచ్చిన ఏడుపు ఒక ఎత్తు. పమిట నోట్లో కుక్కుకున్నాను.

లోపల ఉక్కపోస్తోంది. ఓ పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఏదో ఒకటి తేల్చండి అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఇద్దరూ ఒక్కసారే కదిలారు. గుడ్డ తీయకూడదన్నది మరిచి, పెద్దాయన పెద్ద గిన్నెతో, నర్సమ్మ చిన్న గిన్నెతో వచ్చి నా ముందు నిలబడ్డారు. "తీసుకోండి అమ్మగారూ" అని ఇద్దరూ. మందిరమంతా నా చేతుల వైపే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఏది జరగకూడదని నిలబడ్డానో అదే జరిగింది. వెనక్కి జరిగితే వంటగది, ముందుకు చేయి చాస్తే చీలిక.

"నీకేది కావాలి?" అన్నారు మా ఆయన మెల్లగా. ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదలు.

రెండు గిన్నెలూ చూశాను. ఏది తీసుకుంటే ఎవరు నొచ్చుకుంటారా అని తప్ప, నాకేది కావాలో నేను ఒక్కనాడూ అనుకోలేదు.

"నాకెందుకు చెబుతారు ఇద్దరూ?" అన్నాను చివరికి. "నా స్టూలు మీద చెప్పింది ఇక్కడ, ఒకరికొకరు చెప్పుకోండి. నేనిక మోయలేను."

పెద్దాయన, చేతిలో గిన్నెని చూస్తూ, భార్య గురించి చెప్పారు. నర్సమ్మ బాలింత గురించి చెప్పింది. ఆ బిడ్డకి తల్లి మొహం తెలియదని చెప్పింది.

"నేను మాత్రం అందులో తాగలేను, బాబాయ్" అంది.

"తాగొద్దులేమ్మా. నేనూ ఇది వదల్లేను" అన్నారాయన. "కానీ ఇటొచ్చి నా పక్కన కూర్చుని నీది తాగు. ఆ దూరం నేను చూడలేకపోతున్నా."

ఎవరో బెంచీ ఈడ్చారు. ఇంకెవరో ఈడ్చారు. ఎవరి పట్టు వాళ్ళదే. కానీ నడవ ఇరుకైంది.

మా ఆయన వేదిక మీంచి కిందికి దిగి వచ్చారు. నలుగురిలో నాకు చేతులు జోడించారు. తర్వాత అందర్నీ కళ్ళు మూసుకుని తలలు వంచమన్నారు. వాళ్ళిద్దరూ గిన్నెలు నా చేతుల్లో పెట్టి తలలు వంచారు. ఆయనా వంచారు. అన్ని నెలలూ నామీదున్న కళ్ళన్నీ ఒకేసారి మూతపడ్డాయి. తాగాను. కన్నీళ్ళు ఆగలేదు.

ఇంటికి రాగానే మా ఆయన అడిగారు, "ఇంతకీ ఏ గిన్నెలో తాగావు?" అని.

"ఆ ఒక్కటీ అడక్కండి" అన్నాను. "ముందు ఆ తలుపుకి ఇటువైపు గడియ పెట్టించండి."