ఎత్తిన ఏనుగు

మా ఆయన ఇనోకే ఫోన్‌లో చదరంగం మొదలుపెట్టిన కొత్తలో ఎవడు ఎదురైతే వాడి చేతిలో ఓడేవాడు. తర్వాత ఒక కిటుకు పట్టాడు. కనబడిన పావునల్లా మార్పిడి చేసెయ్యడమే. మంత్రికి మంత్రి, గుర్రానికి గుర్రం. బల్ల ఖాళీ అయ్యాక అవతలివాడు విసిగిపోయి డ్రాకి ఒప్పుకునేవాడు. అలా అతని రేటింగు మెల్లమెల్లగా పాకి పదిహేను వందలు దాటింది. ఇతను పనిచేసే లౌతోకా బస్సు డిపోలో అంతవాడు లేడని పేరొచ్చింది. ఓడిపోకుండా ఉండడం వచ్చుగానీ గెలవడం మాత్రం రాలేదు. ఆ ఆట చూస్తే నాకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషికి గెలిచి తీరాల్సిన ఆట వచ్చిపడింది. రాజధాని సువాలో జరిగే పోటీలకు వెళ్లే మా ఊరి జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికోసం చర్చి హాల్లో ఆఖరి ఆట ఇతనికీ సైరూసికీ. సైరూసి అర పాయింటు ముందున్నాడు కాబట్టి డ్రా అయినా చోటు వాడిదే.

పైగా సైరూసి మాకు తౌవూ. అంటే వాడి పుట్టూరికీ మా పుట్టూరికీ మూలపురుషుడు ఒక్కడే. ఆ వరసవాళ్లు ఎంత ఏడిపించినా కోపం తెచ్చుకోకూడదు. రాత్రంతా ఇనోకేకి నిద్ర లేదు, పొద్దున టీ కూడా ముట్టలేదు.

ఆట మొదలవగానే సైరూసి మొదలెట్టాడు.

"బావా, గడియారం నొక్కు! ఫోననుకున్నావా, దానంతటదే ఆగడానికి?"

"నొక్కుతున్నాలేరా."

"నొక్కకపోయినా నాకేం నష్టం లేదులే. నీ టైమే కదా పోయేది!"

హాలంతా ఘొల్లుమంది. ఇనోకే చెవులు ఎర్రబడ్డాయి. ఇక అలవాటు కొద్దీ మార్పిళ్లు మొదలుపెట్టాడు. మంత్రులు పోయాయి, శకటులు పోయాయి. నేను వెనక బెంచీ మీద కూర్చుని, వద్దయ్యా వద్దు, ఇలా అయితే డ్రాయే కదా అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. చివరికి ఇతనికి ఒక ఏనుగూ, ముందుకెళ్లిన ఒక బంటూ మిగిలాయి. సైరూసికి ఒక గుర్రం, రెండు బంట్లు. ఆ గుర్రానికి కాపలాగా వాడి రాజు పక్కనే నిలబడ్డాడు.

ఇనోకే ఏనుగును ఎత్తాడు. ఎత్తి, ఒక గడి మీద గాల్లోనే ఆపి చూశాడు. ఫోన్లో ఎప్పుడూ చేసే పనే అది. పావును వేలితో లాగి, భయమేస్తే మళ్లీ వెనక్కి తెచ్చేస్తాడు. ఇప్పుడూ భయమేసినట్టుంది, ఏనుగును మెల్లగా దాని చోటులోనే పెట్టేశాడు.

"ఆఁ! ముట్టుకున్నావు!" సైరూసి బల్ల చరిచాడు. "ముట్టుకున్నది కదపాల్సిందే. రెఫరీ గారూ, చూశారు కదా?"

రెఫరీ తలూపాడు. ఏనుగు పక్కకి జరిగితే బంటుకి కాపలా పోతుంది, గుర్రం దాన్ని మింగేస్తుంది.

"కదుపు బావా కదుపు. కావాలంటే నీ చెయ్యి నేను పట్టుకుంటా."

ఇనోకే మొహాన చెమటలు. ఏనుగును ఎక్కడ పెట్టినా బంటు పోతుంది, ఒక్క గుర్రాన్ని కొడితే తప్ప. కొడితే ఏనుగే పోతుంది. చివరికి గుర్రాన్నే కొట్టాడు. సైరూసి పకపకా నవ్వుతూ రాజుతో ఏనుగును తీసేశాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. రాజు బంటుకి దూరమైపోయాడు. ఆపడానికి గుర్రం లేదు. బంటు నడుచుకుంటూ పోయి మంత్రి అయింది.

సైరూసి బల్లకేసి చూసి తలకొట్టుకున్నాడు.

"నా నోరే నన్ను ముంచింది! ఊరుకున్నా డ్రా అయ్యేదిరా నాకు!" అని ఇనోకేని గట్టిగా కౌగిలించుకున్నాడు.

అందరూ వచ్చి భుజం తట్టారు. ఏనుగునిచ్చి గెలిచిన మొనగాడన్నారు. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను. ఇనోకే మాత్రం నవ్వలేదు. నన్ను బయటికి తీసుకొచ్చి, మెట్ల మీద కూలబడ్డాడు.

"నాకా ఎత్తు కనబడనే లేదు," అన్నాడు. "వాడు బలవంతపెట్టబట్టి ఆడాను. సువాలో నన్నెవరు బలవంతపెడతారు?"